ఆరు వందల డాలర్లలో చెకుముకి తుపాకీ

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్ కార్డు ఉంది. ఆఫీసు మిత్రులతో కలిసి మామూలు రైఫిలుతో జింకల వేటకు వెళుతుంటాను. ఇప్పుడు క్రిస్మస్ తరువాత వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి తుపాకుల) సీజన్‌కు కూడా వెళ్ళాలని ఉంది. ఖమ్మం జిల్లాలో మా తాతగారికి పంట కాపలా కోసం లైసెన్సు ఉన్న నాటు తుపాకీ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి దట్టించే ఆ పద్ధతి మీద నాకు చిన్నప్పటి నుంచీ మోజు. అన్నీ కలిపి ఆరు వందల డాలర్లు పెట్టగలను. దుకాణంలో మూడు వందల యాభై చిల్లరకు కొత్తది కనిపించింది. ఒక స్నేహితుడు మాత్రం పాతదే కొనమంటున్నాడు. ఏది కొనాలి? ఇంకో సంగతి, నాలుగేళ్ళ పాప తిరిగే ఇంట్లో తుపాకీ మందు ఎలా పెడతారని నా భార్య అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు.

సమాధానం: మీ స్నేహితుడి మాట వినండి. లైమన్ పేరుతో వచ్చిన ఇటలీ రైఫిలు గానీ, థాంప్సన్ సెంటర్ హాకెన్ గానీ, .50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) ఫ్లింట్‌లాక్, ఒకరు వాడి బాగా చూసుకున్నది కొనండి. కారణం కూడా తెలుసుకుంటే రేపు మీ ముందుకు ఇంకే తుపాకీ వచ్చినా మీరే తేల్చుకోగలుగుతారు.

ముందుగా, మీ ఎంపికలో సగం మీ రాష్ట్రమే చేసిపెట్టింది. 1974లో మొదలైన ఆ శీతాకాలపు సీజన్‌ను పెన్సిల్వేనియా చెకుముకి రాయితో పేలే తుపాకులకే కేటాయించింది. సుత్తి కింద చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే క్యాప్‌లాక్ అక్టోబరులో ఆడజింకల మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకుల) సీజన్‌కు పనికివస్తుంది గానీ, క్రిస్మస్ తరువాతి సీజన్‌కు చెల్లదు. క్యాలిబర్ .44కు తగ్గకూడదు. దుర్భిణి బిగించకూడదు. మామూలు వేట లైసెన్సుతో పాటు మజిల్‌లోడర్ లైసెన్సు విడిగా తీసుకోవాలి. తేదీలు, నియమాలు ఏటేటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి రాష్ట్రంలో వేటను చూసే గేమ్ కమిషన్ ఆ ఏడాది పుస్తకం చదివాకే డబ్బు ఖర్చు పెట్టండి. మీరు న్యూయార్కులోనో ఒహాయోలోనో ఉండి ఇదే ప్రశ్న అడిగితే, నిక్షేపంగా క్యాప్‌లాక్ కొనుక్కోండి, కొత్తదైనా చౌకదైనా పరవాలేదు అని ఒక్క వాక్యంలో ముగించేవాణ్ణి.

ఫ్లింట్‌లాక్‌తో అలా కుదరదు. అది పేలే తీరు ఒకసారి మనసులో నెమ్మదిగా నడిపించి చూడండి. సుత్తి దవడల్లో బిగించిన చెకుముకి రాయి ఎదురుగా నిలబడిన ఉక్కు పలకను పైనుంచి కిందికి గీరుతుంది. ఆ పలకను ఫ్రిజెన్ అంటారు. ఆ రాపిడికి ఉక్కు నుంచి సన్నని పొట్టు లేచి గాలిలో అంటుకుంటుంది. మనకు కనిపించే నిప్పురవ్వలో మండుతున్నది రాయి కాదు, ఉక్కు. ఆ రవ్వలు కిందనున్న గిన్నెలోని రంజకం మీద, అంటే చిటికెడు మెత్తని మందు మీద పడాలి. రంజకం భగ్గుమనాలి. ఆ వేడి గొట్టం పక్కనున్న సన్నని బెజ్జం గుండా లోపలి అసలు మందును అందుకోవాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలి. ఫ్రిజెన్ ఉక్కు తగినంత గట్టిగా లేకపోయినా, స్ప్రింగుల బలం ఒకదానికొకటి పొసగకపోయినా, బెజ్జం ఉండవలసిన చోట లేకపోయినా గిన్నెలో మంట లేచి ఆరిపోతుంది, జింక నడిచి వెళ్ళిపోతుంది.

అందుకే ఫ్లింట్‌లాక్‌లో మీరు డబ్బు పెడుతున్నది ముందుగా లాక్ మీద, అంటే రవ్వ పుట్టించే ఈ యంత్రాంగం మీద, తరువాత గొట్టం మీద. గొట్టాన్ని మోసే వాల్‌నట్ కర్ర నునుపు, ఇత్తడి పెట్టె మెరుపు ఆ తరువాతి సంగతులు. ధర తగ్గించవలసి వచ్చినప్పుడు తయారీదారు ఎక్కువగా కోత పెట్టేది లాక్‌లోనే, ఎందుకంటే దుకాణంలో తుపాకీ చేతిలోకి తీసుకున్నవాడికి కర్రా ఇత్తడీ కనిపిస్తాయి, ఉక్కు గట్టిదనం కనిపించదు. మీరు చూసిన కొత్త తుపాకీ చెడ్డదని నేను అనడం లేదు. ఆ ధరలో వచ్చే స్పానిష్ గొట్టాలు చక్కగానే గురి కొడతాయి. కానీ చౌక ఫ్లింట్‌లాక్‌తో మొదలుపెట్టి, పది సార్లు మీట నొక్కితే నాలుగు సార్లు పేలక, ఈ పద్ధతే ఇంతేనేమో అనుకుని మానేసినవాళ్ళను చూశాను. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. బాగా సరిచేసిన ఫ్లింట్‌లాక్ నమ్మదగిన పనిముట్టు. రెండు వందల ఏళ్ళపాటు మనుషులు దాని మీద ఆధారపడి తిండి సంపాదించుకున్నారు.

ఇక తుపాకుల సంగతి. నా మొదటి ఓటు లైమన్ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిలుకు. ఇటలీలో ఇన్వెస్టార్మ్ అనే సంస్థ తయారుచేసేది, అమెరికాలో లైమన్ తన పేరుతో అమ్మేది. 32 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, ముందు బరువుగా ఉండి భుజానికెత్తితే ఊగకుండా నిలుస్తుంది. గొట్టం లోపలి గాళ్ళు 60 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. గుడ్డలో చుట్టిన గుండ్రటి సీసపు గుండుకు ఈ నెమ్మది మెలి చాలా బాగా నప్పుతుంది. అదే కుటుంబంలో లైమన్ ట్రేడ్ రైఫిలు కాస్త చిన్నది. దాని గొట్టం 28 అంగుళాలు, మెలి 48 అంగుళాలకు ఒక చుట్టు. దట్టమైన పొదల్లో తిరిగేవాళ్ళకు, పొట్టివాళ్ళకు ఇదే హాయి. ధర కూడా కొంచెం తక్కువ పలుకుతుంది. ఒక జాగ్రత్త ఉంది. గ్రేట్ ప్లెయిన్స్‌లోనే హంటర్ అనే రకం వచ్చింది. దాని మెలి 32 అంగుళాలకే ఒక చుట్టు, అది పొడవాటి గుళ్ళ కోసం చేసింది. గుండ్రటి గుండుతో వాడాలనుకుంటే అది మీకు వద్దు. అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. గొట్టం మీద రాసి ఉన్నది చదవండి.

రెండోది థాంప్సన్ సెంటర్ హాకెన్. న్యూ హాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో 1970లో తయారీ మొదలైంది. పాత పద్ధతి తుపాకులను మళ్ళీ సామాన్యుల చేతిలో పెట్టిన వాటిలో దీనిది పెద్ద పాత్ర. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు పర్వతాల వేటగాళ్ళ కోసం చేసిన రైఫిళ్ళ పేరు పెట్టుకుంది గానీ, పోలిక అంతంత మాత్రమే. ఇత్తడి ఎక్కువ, గొట్టం పొట్టి. చరిత్రకు అచ్చంగా సరిపోలాలని పట్టుదల ఉన్నవాళ్ళు దీన్ని చూసి ముఖం చిట్లిస్తారు. మీకు ఆ పట్టింపు అక్కర్లేదు. గొట్టం చాలా మంచిది, 48కి ఒక చుట్టు మెలితో గుండ్రటి గుండును, పొడవాటి గుండును రెంటినీ ఒప్పుకుంటుంది. ఒక చీలను పక్కకు లాగితే గొట్టం కర్ర నుంచి ఊడి చేతికి వస్తుంది కాబట్టి కడగడం సులువు. లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి కాబట్టి పెన్సిల్వేనియాలో పాతవి వెతికితే దొరుకుతాయి. ఊరినీ స్థితినీ బట్టి ధర మారుతుంటుంది. దీని లోపం మొదటి రోజుల్లో వచ్చిన ఫ్లింట్ లాక్‌లు. వాటిలో కొన్ని మందకొడిగా రవ్వలిస్తాయి, తరువాతివి నయం. అలాంటి లాక్ ఉన్న తుపాకీ దొరికితే వదులుకోనక్కర్లేదు. సౌత్ కరోలినాలోని ఎల్ అండ్ ఆర్ అనే సంస్థ దీనికోసమే కొత్త లాక్ చేస్తుంది. కర్రను కొద్దిగా చెక్కుకోవలసి వచ్చినా అదే చోట కూర్చుంటుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకుని బేరమాడండి.

పెడర్సోలి, కిబ్లర్ అనే తయారీదారుల పేర్లు మీకు చాలామంది చెబుతారు. మంచివే. కిబ్లర్ కిట్టు తెచ్చుకుని మన చేతులతో పూర్తిచేసుకున్న రైఫిలు నిజమైన పాత పెన్సిల్వేనియా లాంగ్ రైఫిలుకు ఎంతో దగ్గరగా ఉంటుంది. కానీ మీ ఆరు వందలకు అవి అందవు. తరువాత చూద్దాం.

క్యాలిబర్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి, .50 తీసుకోండి. .45 చట్టప్రకారం చెల్లుతుంది, కానీ గుండు 128 గ్రెయిన్ల బరువే (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు). .50లో వాడే .490 అంగుళాల గుండు దాదాపు 177 గ్రెయిన్లు, జింకకు ధారాళంగా సరిపోతుంది. .54 ఇంకా బలమైనది, దానికి తగ్గట్టు సీసమూ మందూ ఎక్కువ తింటుంది. గుళ్ళు, గుడ్డ పీలికలు, గొట్టం తుడిచే బ్రష్షులు ఏ దుకాణంలోనైనా ముందు కనిపించేవి .50వే.

పాతది చూడడానికి వెళ్ళినప్పుడు చేతిలోకి తీసుకోగానే మొదటి పని, అందులో మందు దట్టించి ఉందేమో చూడడం. అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా సరే. గోడకు వేలాడదీసిన పాత తుపాకుల్లో ఏళ్ళ తరబడి మందూ గుండూ అలాగే ఉండిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఆ మందు చెడిపోదు. దట్టించే కర్రను గొట్టంలోకి అడుగుదాకా దింపి, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కన పెట్టి చూడండి. కర్ర కొస రంజకపు బెజ్జం దాకా చేరాలి. బాగా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. దాన్ని తీయడం తెలిసినవాళ్ళ పని, మీరు ముట్టుకోవద్దు.

తరువాత తెల్లని గుడ్డ ముక్కను కర్ర కొసకు బిగించి గొట్టమంతా తుడిపించండి. కొద్దిగా తుప్పు రంగు వస్తే భయం లేదు. గుడ్డ ఒకే చోట ప్రతిసారీ తట్టుకుంటుంటే, చిరిగి బయటికి వస్తుంటే, లోపల గుంటలు పడ్డాయని అర్థం. చిన్న లైటు లోపలికి జారవిడిచి చూస్తే గాళ్ళు కనిపిస్తాయి. ఈ మందు కాలగా మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. ఒక్క సీజన్ కడగకుండా వదిలేసిన గొట్టం చాలు పాడవడానికి. తుపాకీ కర్ర మీద గీతలు, ఇత్తడి మీద మకిలి ఉంటే సంతోషించండి, ధర తగ్గుతుంది. గొట్టం లోపల మాత్రం రాజీ పడకండి. కర్రలో చూడవలసిన చోటు ఒక్కటే. చేతితో పట్టుకునే సన్నని మెడ దగ్గర పగులు ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

ఆపైన లాక్. సుత్తిని సగం దాకా లాగి ఆపి మీట నొక్కితే అది కదలకూడదు. కదిలితే ఆ తుపాకీ ప్రమాదకరం. తరువాత అమ్మేవాడి అనుమతితో, రంజకం లేకుండా, చీకటి గదిలో రాయిని పలక మీద కొట్టించి చూడండి. రవ్వలు తెల్లగా, బరువుగా, గుంపుగా గిన్నెలోకి రాలితే లాక్ ఆరోగ్యంగా ఉంది. ఎర్రగా, సన్నగా, నాలుగైదు మాత్రమే రాలితే ముందు కొత్త రాయి వేయించి చూడండి. అప్పటికీ అంతే అయితే ఫ్రిజెన్‌ను మళ్ళీ గట్టిపరచాలి. పలక మీద లోతైన గాట్లు పడి ఉన్నా అదే మాట. వీలుంటే కొనేముందు ఒక రోజు దగ్గరలోని మజిల్‌లోడింగ్ క్లబ్బుకు వెళ్ళండి. పెన్సిల్వేనియాలో ఇవి చాలా ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ళు కొత్తవాళ్ళ చేతికి తమ తుపాకీ ఇచ్చి పేల్చి చూడమంటారు, తమ దగ్గరున్నవి అమ్ముతారు కూడా. నజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్ రైఫిలు మ్యూజియం ఉంది. మీకు రెండు గంటల లోపు ప్రయాణం. జర్మనీ నుంచి వచ్చిన కమ్మరులు తమ పొట్టి, లావు గొట్టపు రైఫిలును లాంకాస్టర్ ప్రాంతంలో ఎలా సాగదీసి సన్నబరిచారో అక్కడ కళ్ళారా చూడవచ్చు. కొనే తుపాకీకి దానితో పని లేదు, అయినా చూసి రండి.

ఆరు వందల్లో నాలుగు వందలు, మహా అయితే నాలుగు వందల యాభై తుపాకీకి ఉంచండి. మిగిలినది దాని వెంట ఉండవలసిన వాటికి పోతుంది. ఫ్లింట్‌లాక్‌కు అసలైన బ్లాక్ పౌడరే కావాలి. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి అడుగుతాయి. చెకుముకి రవ్వతో వాటిని నమ్మలేం. బ్లాక్ పౌడర్ అంటే మనకు తెలిసిన దినుసులే: సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కానీ దాన్ని ఇంట్లో కలిపే ఆలోచన పొరపాటున కూడా చేయకండి, గోయెక్స్ వంటి కంపెనీ డబ్బాయే కొనండి. .50కి మూడు ఎఫ్‌ల (FFFg అని రాసి ఉండే సన్నపలుకు) రకం లోపలికీ, రంజకానికీ రెంటికీ సరిపోతుంది. నేటి తూటాల్లో వాడే పొగలేని మందు మాత్రం ఒక్క చిటికెడు కూడా ఇందులో పోయకూడదు, గొట్టం పగిలి ప్రాణం పోతుంది. కొలపాత్ర, గుళ్ళు, గుడ్డ పీలికలు, అరడజను మంచి రాళ్ళు, బెజ్జం పొడిచే సన్నని తీగ, గట్టి శుభ్రపరిచే కర్ర, కళ్ళకు రక్షణ అద్దాలు ఉంటే చాలు. కొమ్ముతో చేసిన అందమైన మందు బుడ్డీ, తోలు సంచీ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

50 గ్రెయిన్ల మందుతో మొదలుపెట్టి, తుపాకీ తయారీదారు చెప్పిన గరిష్ఠానికి లోపల, అయిదేసి గ్రెయిన్లు పెంచుతూ ఎక్కడ గుళ్ళు ఒకచోట చేరుతున్నాయో చూసుకోండి. మందును డబ్బా నుంచి గానీ బుడ్డి నుంచి గానీ నేరుగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే చేతిలోని బుడ్డి మొత్తం పేలుతుంది, కొలపాత్రలోకి తీసుకునే పోయాలి. గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి, మధ్య ఖాళీ ఉండకూడదు. అది సరిగ్గా దిగిందని తెలియడానికి దట్టించే కర్ర మీద గీత గీసి పెట్టుకోండి. మీకు కుడిపక్కన ఎవరూ నిలబడకూడదు, బెజ్జం నుంచి మంట అటు చిమ్ముతుంది. మీట నొక్కాక కూడా గురి చెదరకుండా నిలవడమే ఈ విద్యలో కష్టమైన భాగం. అది తుపాకీ ధరతో రాదు, వేసవంతా సాధన చేస్తేనే వస్తుంది. పేల్చిన రోజే గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. మరునాడు మరోసారి గుడ్డతో తుడిచి చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా. మందు మూతి నుంచి పోసే ఇలాంటి తుపాకులను ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాలుగా లెక్కిస్తుంది కాబట్టి మామూలు తుపాకీకి ఉండే కొనుగోలు తనిఖీ వీటికి లేదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. డెలావేర్ నది దాటితే న్యూజెర్సీలో దీన్ని మామూలు తుపాకీలాగే చూస్తారు, కొనుగోలుకు గుర్తింపు కార్డు కావాలి. మీకు గ్రీన్ కార్డు ఉంది, ఇబ్బంది లేదు. ఇది చదివే హెచ్‌1బి మిత్రులు మాత్రం వలస చట్టం, ఆయుధ చట్టం రెండూ తెలిసిన లాయరును అడిగాకే అడుగు వేయండి. తరువాత ఎప్పుడైనా దీన్ని ఖమ్మం తీసుకెళ్ళాలని అనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. భారతదేశంలో నాటు తుపాకీకి కూడా 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి.

మీ భార్యగారి ప్రశ్నకు జవాబు, దయచేసి ఇద్దరూ కలిసి చదవండి. ఆమె అడిగినది చాలా సరైన ప్రశ్న. ఒక డబ్బా, అంటే ఒక పౌను మందు మించి ఇంట్లో ఉంచకండి. ఫెడరల్ చట్టం 50 పౌన్ల దాకా ఒప్పుకుంటుంది గానీ మీకు సీజన్ మొత్తానికి ఒక పౌను చాలు. మందు కొన్న డబ్బాలోనే ఉండాలి, గాజు సీసాలోకో వేరే డబ్బాలోకో మార్చకూడదు. చెక్క పెట్టెలో పెట్టి తాళం వేసి, పొయ్యికీ, ఫర్నేసుకూ, నీళ్ళ హీటరుకూ దూరంగా, పాప చేయి అందని చోట ఉంచండి. ఇనుప సేఫ్‌లో తుపాకీతో కలిపి బిగించవద్దు. మంట అంటుకుంటే గట్టి ఇనుప పెట్టె బాంబు అవుతుంది. తుపాకీని వేరే గదిలో, వేరే తాళంతో, సుత్తి దవడల్లోంచి రాయి తీసేసి పెట్టండి. రాయి లేని ఫ్లింట్‌లాక్ రవ్వ రాల్చలేదు. వేట నుంచి వచ్చేటప్పుడు దట్టించిన గుండు లోపలే ఉండిపోతే కారెక్కకముందే, చట్టం అనుమతించే చోట, మట్టి దిబ్బలోకి పేల్చి ఖాళీ చేయండి. దట్టించిన తుపాకీ ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాపను ఎత్తుకోండి, వేట చొక్కా విడిగా ఉతకండి. గుళ్ళు ఇంట్లో కరిగించి పోతపోసుకుంటే చౌక అని ఎవరో ఒకరు చెబుతారు. పాప పెద్దయ్యేదాకా అది వద్దు, పోసిన గుళ్ళే కొనుక్కోండి.